దారి ఎవరిదో సుంకం వారిదే

సభ్య విద్యా పాఠం: సంఘ సమావేశాలలో చదివి చర్చించుకొనుటకు

గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీల గురించి పాల సంఘాల పత్రికలో పాఠం ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలి, పచ్చిమేత ఎలా పెంచాలి, దూడకు జున్నుపాలు ఎప్పుడు తాగించాలి అన్నవి కదా మన పాఠాలు అనవచ్చు. ఆ పాఠాలు ఎప్పటికీ ఉంటాయి. అయితే ఈనాడు పాల డబ్బు ఖాతాలో పడిందన్న కబురు ఫోనుకు వస్తోంది. అనేక గ్రామాలలో సమావేశం నోటీసు వాట్సాప్‌లో వస్తోంది. సేకరణ కేంద్రంలో వెన్న శాతం, లీటర్లు, ధర అన్నీ కంప్యూటరులో ఎక్కుతున్నాయి. కనుక ఆ ఫోను వెనుక, ఆ కంప్యూటరు వెనుక ఎవరున్నారు, వారి బలం ఎలా పెరిగింది, ఆ బలానికి హద్దు పెట్టేది ఎవరు అన్న సంగతులు పాడి రైతుకు అక్కరలేనివి కావు.

మొదట మనకు తెలిసిన కథ

1945లో బొంబాయి నగరానికి పాలు అందించేందుకు అప్పటి బొంబాయి ప్రభుత్వం ఒక పథకం ప్రారంభించింది. కైరా జిల్లాలో పాలు సేకరించి నగరానికి పంపే హక్కును ఆనంద్‌లో ఉన్న పోల్సన్ అనే ఒక్క ప్రైవేటు డెయిరీకే ఇచ్చింది. నగరంలో పాలకు మంచి ధర పలికినా ఆ లాభం రైతు ఇంటికి చేరలేదు. పోల్సన్‌కు పోయకపోతే పోయడానికి వేరే చోటు లేదు. రైతులు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ దగ్గరకు వెళ్లి మొరపెట్టుకున్నారు. మీ పాలు మీరే అమ్ముకోండి, అందుకు సహకార సంఘం పెట్టుకోండి అని ఆయన సలహా ఇచ్చారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో మొరార్జీ దేశాయ్ ఆధ్వర్యంలో రైతుల సభ జరిగింది. తరువాత రైతులు పక్షం రోజులపాటు చుక్క పాలు పోయలేదు. ప్రభుత్వం దిగివచ్చింది. 1946 డిసెంబరు 14న కైరా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల యూనియన్ రిజిస్టరు అయింది. దానికి త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వం వహించారు. 1948లో రోజుకు సుమారు 250 లీటర్లతో మొదలైన ఆ యూనియనే తరువాత అమూల్‌గా పేరు పొందింది.

ఈ కథలో గమనించవలసింది ఒకటుంది. గేదెలు పోల్సన్‌వి కావు. మేత పోల్సన్‌ది కాదు. బొంబాయిలో పాలు తాగేవారూ పోల్సన్ మనుషులు కారు. రైతుకూ నగరానికీ మధ్య ఉన్న ఒక్క ద్వారం మాత్రమే దాని చేతిలో ఉంది. ఆ ద్వారం దగ్గరే ధర నిర్ణయమైంది. దారి ఎవరి చేతిలో ఉంటే సుంకం వారిదే అన్న మాట అర్థం కావడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ మనకు అక్కరలేదు.

ఈనాటి ద్వారాలు

నేటి పెద్ద సాంకేతిక కంపెనీలలో చాలావాటి బలం కూడా ఇలాంటి ద్వారాల నుండే వచ్చింది. గూగుల్ వార్తలు రాయదు, కాని వార్త వెతికేవాడు ఎక్కువగా గూగుల్ ద్వారానే వెళతాడు. ఫేస్‌బుక్ కబుర్లు చెప్పదు, మనం చెప్పుకునే కబుర్లు దాని గుండా పోతాయి. అమెజాన్ బజారులో వేలాది వ్యాపారుల సరుకు ఉంటుంది, ఎవరి సరుకు ముందు కనబడాలో అమెజాన్ నిర్ణయిస్తుంది. వస్తువు ఒకరిది, కొనుగోలుదారు ఇంకొకరు, నడుమ ఉన్న ద్వారం కంపెనీది.

ఈ ద్వారాలు ఇంత పెద్దవి కావడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, గుంపు గుంపును లాగుతుంది. పెద్ద సంతకు అమ్మేవారు ఎక్కువగా వస్తారు కనుక కొనేవారూ అక్కడికే వస్తారు. కొనేవారు ఎక్కువ కనుక అమ్మేవారు ఇంకా వస్తారు. పక్క ఊరి చిన్న సంత తగ్గిపోతుంది. వాట్సాప్ విషయమూ ఇంతే. మన దేశంలో సుమారు 50 కోట్ల మంది దానిని వాడుతున్నారు. అంతకంటె మంచి ఏర్పాటు ఇంకొకటి వచ్చినా, మనవాళ్లంతా ఇక్కడే ఉన్నారు కనుక ఒక్కరే అక్కడికి పోలేరు.

రెండవది, ముందే కూర్చున్నవాడిని ఎవరూ లేపరు. కొత్త ఫోను కొంటే అందులో కొన్ని ఏర్పాట్లు ముందే ఉంటాయి. వాటిని మార్చుకునేవారు చాలా తక్కువ. ఆ ముందు కుర్చీ విలువ ఎంతో అమెరికా కోర్టు విచారణలో బయటపడింది. ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తన వెతుకులాట యంత్రమే ముందుగా ఉండేందుకు గూగుల్ 2021 ఒక్క ఏడాదిలో ఇతర కంపెనీలకు 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది.

మూడవది, పోటీకి రాగలవాడిని ముందే కొనివేయడం. ఫేస్‌బుక్ 2012లో ఇన్‌స్టాగ్రామ్‌ను 100 కోట్ల డాలర్లకు, 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. అప్పటికి వాట్సాప్ ఆదాయం స్వల్పం. ఇచ్చిన ధర దాని ఆదాయానికి కాదు, దాని చుట్టూ చేరిన జనానికి.

నాలుగవది, సమాచారం. ఎవరు ఏమి వెతికారు, ఎక్కడ తిరిగారు, ఏమి కొన్నారు అన్నది ద్వారం దగ్గర కూర్చున్నవాడికి తెలుస్తుంది. ఊరిలో ఎవరి గేదె ఎన్ని పాలిస్తుంది, ఎవరికి అప్పు ఉంది, ఎవరి ఇంట్లో పెళ్లి ఉంది అన్న మూడు సంగతులూ తెలిసిన దళారితో బేరమాడడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆ తెలివి కోట్ల మంది విషయంలో ఒకే చోట పోగైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఉచితంగా ఇచ్చిన ద్వారం

ఇందులో మన రెండు రాష్ట్రాలకు నేరుగా సంబంధించిన ఒక ఉదంతం ఉంది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అనే పథకాన్ని మన దేశంలో ప్రారంభించింది. మొదట ప్రవేశపెట్టిన 6 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను డేటా ఖర్చు లేకుండా చూడవచ్చు, ఫేస్‌బుక్ అందులో ఒకటి. మిగతావి చూడాలంటే డబ్బు కట్టాలి. అదే ఏడాది సెప్టెంబరులో దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు.

పేదవానికి ఉచితంగా ఇస్తుంటే అడ్డు చెప్పడమెందుకని చాలామంది అన్నారు. ఆ మాటను తేలికగా తోసివేయకూడదు. అసలు ఏమీ లేనివానికి కొంతయినా దొరుకుతుంది గదా. కాని ఎదురు పక్షం అడిగిన ప్రశ్న వేరు. ఏ వెబ్‌సైటు ఉచితం, ఏది కాదు అని తేల్చేది ఎవరు? ఒక్క కంపెనీ తేలిస్తే, రేపు ఒక చిన్న సంస్థ తన సమాచారాన్ని పల్లెకు చేర్చాలనుకున్నప్పుడు ఆ కంపెనీ గడప తొక్కవలసిందే.

2015 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంపై ప్రజల అభిప్రాయం కోరింది. ఫేస్‌బుక్ పత్రికలలో నిండు పేజీల ప్రకటనలు వేసింది. తన వాడుకదారుల చేత ముందే తయారుచేసిన ఒకే రకం లేఖలను లక్షల సంఖ్యలో పంపించింది. ఆ లేఖలు తాము అడిగిన ప్రశ్నలకు జవాబులు కావని ట్రాయ్ తెలియజేసింది. 2016 ఫిబ్రవరి 8న, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదని ట్రాయ్ నిబంధన జారీ చేసింది. కొద్ది రోజులలోనే ఫేస్‌బుక్ మన దేశంలో ఆ పథకాన్ని మానుకుంది.

మన ఊళ్లలో ప్రైవేటు పాల వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు గుర్తు తెచ్చుకోండి. అది అవసరానికి ఆదుకుంటుంది, వడ్డీ ఉండదు. కాని అడ్వాన్సు తీసుకున్న ఇల్లు పాలు ఆయనకే పోయాలి, కొలత ఆయనదే, ధర ఆయనదే. అడ్వాన్సు తప్పని అనలేము, దాని వెంట వచ్చే షరతు ఏమిటో తెలిసి తీసుకోవాలని మాత్రం అంటున్నాము.

కాంపిటిషన్ కమిషన్ తీర్పులు

మన దేశంలో అమ్ముడుపోయే స్మార్ట్ ఫోన్లలో అత్యధిక భాగం గూగుల్ వారి ఆండ్రాయిడ్ మీద పనిచేస్తాయి. ఆండ్రాయిడ్‌ను ఫోను తయారీదారులకు ఉచితంగానే ఇస్తారు. కాని ప్లే స్టోరు కావాలంటే గూగుల్ వారి ఇతర ఏర్పాట్లన్నీ కట్టగట్టి తీసుకోవాలని ఒప్పందాలు ఉండేవి. దాణా బస్తా కావాలంటే పక్కన ఉన్న నాలుగు డబ్బాలూ కొనాలని కొట్టువాడు పట్టుబట్టినట్లు. భారత కాంపిటిషన్ కమిషన్ దీనిపై విచారణ జరిపి 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోను తయారీదారులు తమకు కావలసినవి మాత్రమే ఎంచుకునే వీలు ఇవ్వాలని, వాడుకదారు తన వెతుకులాట యంత్రాన్ని తానే ఎంచుకునే వీలు ఉండాలని ఆదేశించింది. 2023 జనవరిలో సుప్రీం కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపివేయడానికి నిరాకరించింది. అదే నెలలో గూగుల్ తన షరతులు సడలిస్తున్నట్లు ప్రకటించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను తొలగించినా జరిమానాను మాత్రం ఖాయం చేసింది.

రెండవ కేసు ప్లే స్టోరులో అమ్మకాలపై వసూలు చేసే కమీషన్ల పద్ధతికి సంబంధించినది. 2022 అక్టోబరు 25న కమిషన్ 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో ట్రిబ్యునల్ దానిని 216.69 కోట్లకు తగ్గించింది. ఈ రెండు తీర్పుల మధ్య, 2024 మార్చి 1న, కమీషన్ తగవులో ఉన్న కొన్ని భారతీయ సంస్థల యాప్‌లను గూగుల్ తన స్టోరు నుండి తీసివేసింది. ఉద్యోగాలు చూపేవి, పెళ్లి సంబంధాలు చూపేవి అందులో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకున్న తరువాత అవి తిరిగి వచ్చాయి. బకాయి ఎంత, ఎవరిది న్యాయం అన్న వాదన అలా ఉంచి, ఇష్టం లేనప్పుడు ద్వారం మూయగల శక్తి ఎవరి చేతిలో ఉందో ఆనాడు తేటతెల్లమైంది.

వాట్సాప్ విషయంలోనూ ఇటువంటి విచారణే జరిగింది. 2016లో తన సమాచారాన్ని ఫేస్‌బుక్‌తో పంచుకోవద్దని చెప్పే అవకాశం వాడుకదారుకు కొద్దికాలం ఇచ్చారు. 2021 జనవరిలో వచ్చిన కొత్త షరతులలో ఆ అవకాశం లేదు. ఒప్పుకోవాలి, లేదా మానుకోవాలి. 2024 నవంబరు 18న కాంపిటిషన్ కమిషన్ ఆ కంపెనీకి 213.14 కోట్ల జరిమానా వేసింది. 2025 నవంబరులో ట్రిబ్యునల్ జరిమానాను నిలిపింది. ప్రకటనల కోసం 5 ఏళ్లపాటు సమాచారం పంచుకోరాదన్న ఆంక్షను మాత్రం తొలగించింది.

అమెరికాలోనూ 2024 ఆగస్టు 5న, వెతుకులాట రంగంలో గూగుల్ తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని న్యాయమూర్తి అమిత్ మెహతా తీర్పు చెప్పారు. ఆయన గుజరాత్‌లో పుట్టినవారు. 2025 సెప్టెంబరులో ఆయన ఇతరులను రానివ్వని ఒప్పందాలను నిషేధించారు గాని, గూగుల్‌ను ముక్కలు చేయమన్న ప్రభుత్వ కోరికను అంగీకరించలేదు. ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ మెటాపై ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కొనుగోళ్ల విషయమై సాగిన కేసును 2025 నవంబరులో అక్కడి కోర్టు కొట్టివేసింది. కోర్టులు ఒకే దిక్కుగా తీర్పు చెప్పడం లేదనీ, విచారణకు ఏళ్లు పడుతుందనీ దీనివలన తెలుస్తోంది. ఆ ఏళ్లలో మార్కెట్టు ఆగదు.

తాళం పరాయి చేతిలో ఉంటే

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ప్రపంచమంతటా సుమారు 6 గంటలు ఆగిపోయాయి. మూడింటికీ యజమాని ఒక్కరే కనుక మూడూ కలిసి పడిపోయాయి. 2024 జూలై 19న ఒక భద్రతా సంస్థ పంపిన తప్పు మార్పు వల్ల మైక్రోసాఫ్ట్ విండోస్ మీద నడిచే సుమారు 85 లక్షల కంప్యూటర్లు మూలపడ్డాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇవ్వవలసివచ్చింది.

ఇవి పొరపాటున జరిగినవి. తెలిసి చేసినది మరొకటుంది. గుజరాత్‌లోని వాడినార్ వద్ద నయారా ఎనర్జీ అనే సంస్థకు ఏడాదికి 2 కోట్ల టన్నుల ముడిచమురు శుద్ధి చేసే కర్మాగారం ఉంది. దానిలో రష్యా కంపెనీకి పెద్ద వాటా ఉన్నందువలన యూరోపియన్ యూనియన్ 2025 జూలైలో దానిపై ఆంక్షలు పెట్టింది. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థ ఉత్తరప్రత్యుత్తరాల సదుపాయాన్ని నిలిపివేసింది. డబ్బు కట్టే ఉన్నారు. భారతదేశ చట్టం ఆపమని చెప్పలేదు. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన కొద్ది రోజులకు సదుపాయం తిరిగి వచ్చింది. అంత పెద్ద కర్మాగారానికే ఆ గతి పట్టినప్పుడు, ఒక పాల సంఘం లెక్కలన్నీ పరాయి గోదాములో ఉంటే ఏమిటన్నది మనం ఆలోచించవలసిన ప్రశ్న.

మేలు లేదా అంటే ఉంది

ఇంత చదివాక ఈ కంపెనీలను వదిలివేయమంటున్నామని అనుకోవద్దు. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు విత్తే సమయాన్ని ఫోను సందేశాల ద్వారా తెలియజేశాయి. అది రైతుకు పనికివచ్చే ప్రయత్నమే. వీడియో చూసి గడ్డి మాగుడు వేయడం నేర్చుకున్నవారు మనలో ఉన్నారు. హైదరాబాదులో ఈ కంపెనీల కార్యాలయాలలో మన పిల్లలు పనిచేస్తున్నారు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని ప్రకటించింది. వాటి రాక ఆగేది కాదు. వచ్చేవాడితో ఏ షరతుల మీద కలిసి నడవాలన్నదే ప్రశ్న.

దారి అందరిదిగా ఉంటే ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 2016లో ప్రారంభమైన యూపీఐ చెల్లింపుల పద్ధతి ఏ ఒక్క కంపెనీ సొత్తు కాదు. బ్యాంకుల ఉమ్మడి సంస్థ అయిన జాతీయ చెల్లింపుల కార్పొరేషన్ దానిని నడుపుతోంది. ఏ యాప్ వాడినా ఏ బ్యాంకుకైనా డబ్బు పోతుంది. అయినా ఇక్కడ కూడా ఒక హెచ్చరిక ఉంది. ఆ ఉమ్మడి దారి మీద నడిచే బండ్లలో, వాల్‌మార్ట్‌కు ప్రధాన వాటా ఉన్న ఫోన్‌పే, గూగుల్ పే కలిసి 80 శాతానికి మించిన లావాదేవీలు మోస్తూ వచ్చాయి. ఏ ఒక్కటీ 30 శాతం దాటరాదని 2020 నవంబరులోనే కార్పొరేషన్ హద్దు ప్రకటించింది. ఆ హద్దు అమలు గడువును మాత్రం పొడిగిస్తూ వచ్చింది. 2024 డిసెంబరులో దానిని 2026 డిసెంబరు చివరకు మార్చింది. దారి ఉమ్మడిదైనంత మాత్రాన సరిపోదు, కాపలా కూడా ఉండాలి.

పాడి లెక్కలు ఎవరివి?

2021లో కేంద్ర వ్యవసాయ శాఖ 6 రాష్ట్రాలలో 100 గ్రామాల రైతుల సమాచారంతో ప్రయోగం చేసేందుకు మైక్రోసాఫ్ట్‌తో అవగాహన ఒప్పందం కుదుర్చుకుంది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యక్తుల సమాచారాన్ని కాపాడే చట్టం రాకముందే రైతుల వివరాలు కంపెనీ చేతికి ఎలా ఇస్తారని అనేక రైతు సంఘాలు, పౌర సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తరువాత అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేశారు. ఈ చట్టం ప్రకారం మన సమాచారం తీసుకునేవారు ఎందుకోసమో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆ నోటీసును తెలుగులో కోరవచ్చు. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చు.

పాల సంఘం లెక్కలు చిన్నవని అనుకోవద్దు. ఏ సభ్యుడు పూటకు ఎన్ని లీటర్లు పోస్తున్నాడు, వెన్న ఎంత, ఏ నెలలో పాలు తగ్గుతాయి, చెవి ట్యాగు సంఖ్య ప్రకారం ఏ గేదె ఎప్పుడు ఈనింది, ఎవరికి ఎంత దాణా బాకీ ఉంది అన్నవన్నీ అందులో ఉన్నాయి. ఈ వివరాలు చేతిలో ఉన్నవాడు ఏ ఊరిలో ఏ ధర చెబితే పాలు తనవైపు తిరుగుతాయో లెక్క వేయగలడు. ఏ ఇంటికి అప్పు ఇస్తే పాలు కట్టుబడతాయో తెలుసుకోగలడు. ఏళ్ల తరబడి మనం కట్టుకున్న సంఘాన్ని గోడ పగలగొట్టకుండానే ఖాళీ చేయగలడు.

మరొక తేడా కూడా సభ్యులు గమనించాలి. మన సంఘంలో పది గేదెలున్నవారికీ ఒక్క గేదె ఉన్నవారికీ ఒక్కటే ఓటు. మెటా కంపెనీలో మార్క్ జుకర్‌బర్గ్ వద్ద ఉన్న ప్రత్యేక షేర్లకు ఒక్కొక్కదానికి పది ఓట్లు. మొత్తం ఓట్లలో సగానికి పైగా ఆయన చేతిలోనే ఉన్నాయి. కనుక అక్కడ షరతులు మారినప్పుడు కోట్లాది వాడుకదారులు చేయగలిగింది తక్కువ. ఇక్కడ షరతు నచ్చకపోతే సర్వసభ్య సమావేశంలో లేచి అడగవచ్చు. ఆ హక్కును వాడుకోకపోతే అది పేరుకే మిగులుతుంది.

సంఘాలు చేయదగ్గ పనులు

1. సేకరణ కేంద్రానికి యంత్రం గాని, సాఫ్ట్‌వేరు గాని ఉచితంగా ఇస్తామని ఎవరైనా వస్తే, ఒప్పందాన్ని తెలుగులో రాయించి పాలకవర్గ సమావేశంలో చదివించాలి. సెక్రటరీ ఒక్కరి సంతకంతో ముగించకూడదు.

2. లెక్కలు సంఘం సొత్తు అని, ఒప్పందం ముగిసిన నాడు మొత్తం వివరాలు ఇతర యంత్రాలలో పనికివచ్చే రూపంలో తిరిగి ఇవ్వాలని, తమ వద్ద నకలు ఉంచుకోరాదని షరతు రాయించాలి. సంఘం అనుమతి లేనిదే మూడోవారికి ఇవ్వరాదని కూడా రాయించాలి.

3. వారానికి ఒకసారైనా లెక్కల నకలు సంఘం వద్ద వేరే పరికరంలో ఉంచుకోవాలి. పాల చీటీ, సభ్యుల రిజిస్టరు కాగితం మీద కూడా ఉండడం వెనుకబాటుతనం కాదు. కరెంటు పోయిననాడు, నెట్టు ఆగిననాడు పాలు తిరిగి వెళ్లకూడదు.

4. సంఘం తీర్మానాలు, ధర పట్టిక, బోనసు వివరాలు వాట్సాప్‌లో పంపినా నోటీసు బోర్డు మీద తప్పక అంటించాలి. ఫోను లేని సభ్యురాలికి కూడా అదే రోజు తెలియాలి.

5. సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల జాబితాలు, పాస్‌బుక్కు ఫొటోలు గ్రూపులలో పెట్టకూడదు.

6. ఒక్కొక్క సంఘం విడిగా బేరమాడితే బలం తక్కువ. ఒకే యూనియన్ కింద ఉన్న సంఘాలన్నీ కలిసి ఒకే షరతుల పత్రంతో బేరమాడాలి. పాల ధర విషయంలో మనకు పనికివచ్చిన సూత్రమే లెక్కల విషయంలోనూ పనికివస్తుంది.

చర్చకు ప్రశ్నలు

1. మన సంఘం లెక్కలు ఈనాడు ఏ యంత్రంలో, ఎవరి వద్ద ఉన్నాయి? ఆ కంపెనీ రేపు మూతపడితే మనకు ఏమి మిగులుతుంది?

2. ఉచితంగా వాడుతున్న ఏర్పాట్లలో దేనికి మనం వేరే రూపంలో ధర చెల్లిస్తున్నాము?

3. ఫ్రీ బేసిక్స్ వంటి పథకం మళ్లీ వస్తే, ఏ షరతుల మీద ఒప్పుకోవచ్చు? అసలు ఒప్పుకోవచ్చునా?

4. మహిళా సభ్యులలో ఎందరికి సొంత ఫోను ఉంది? లేనివారికి పాల డబ్బు సమాచారం ఎలా అందుతోంది?

ఈ ప్రశ్నలకు జవాబులు సమావేశం మినిట్సు పుస్తకంలో రాసుకోవాలని కోరుతున్నాము. కైరా రైతులు 1946లో పాలు పోయడం ఆపగలిగారంటే, పాలు తమ చేతిలో ఉన్నాయి కనుక. తరువాత ధర అడగగలిగారంటే, ద్వారం కూడా తమదైంది కనుక. ఈనాడు పాలతోపాటు పాల లెక్క కూడా ఒక సరుకైంది. మొదటిదానిని కొలిచి, చీటీ తీసుకుని పోస్తున్నాము. రెండవదానిని కూడా అంత జాగ్రత్తగానే పోయాలి.